క్విక్‌ఫ్యాక్ట్స్ సమీక్ష: పల్లె కౌంటీ విషయంలో ఏ అంకెను ఎంతవరకు నమ్మాలి?

అమెరికాలో ఏదైనా కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభా, విస్తీర్ణం, ఆదాయం, అద్దెలు ఒకే చోట చూడాలంటే చాలామంది ముందు తెరిచేది సెన్సస్ బ్యూరో వారి క్విక్‌ఫ్యాక్ట్స్ పేజీ. డబ్బు కట్టనక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, ప్రకటనల గోల లేదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సస్‌లోని కాలిన్ కౌంటీకో, న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీకో చూసుకుంటే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకదు. చిక్కంతా పల్లె కౌంటీలతోనే. శిక్షణ ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న జె-1 వీసా షరతు నుంచి మినహాయింపు కింద మూడేళ్ళు డాక్టర్ల కొరత ఉన్న చోట పనిచేయడానికి ఒప్పుకున్న తెలుగు డాక్టర్లకు ఆఫర్ వచ్చేది తరచుగా ఇలాంటి చోట్ల నుంచే. పేరు కూడా వినని కౌంటీకి ఇల్లూవాకిలీ మార్చుకునే ముందు ఈ పేజీ చూస్తారు. అలాంటివారిని దృష్టిలో పెట్టుకునే ఈ సమీక్ష.

పరీక్షకు నెబ్రాస్కా రాష్ట్రంలోని చెర్రీ కౌంటీని తీసుకుందాం. ఆ రాష్ట్రంలోని 93 కౌంటీల్లో ఇదే పెద్దది. నేలా నీరూ కలిపి 6,000 చదరపు మైళ్ళు దాటుతుంది, కనెక్టికట్ రాష్ట్రం మొత్తం కన్నా ఎక్కువ. మన కొలతలో చెప్పాలంటే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా కన్నా కాస్త చిన్నది. ఆదిలాబాద్‌లో 2011 లెక్కల్లో 27 లక్షల మంది ఉంటే, చెర్రీలో 2020 లెక్కల్లో తేలినవారు 5,455 మంది. అందులో 2,633 మంది, అంటే దాదాపు సగం, కౌంటీ కేంద్రమైన వాలెంటైన్ ఊళ్ళోనే ఉంటారు. మిగతా సగం మంది ఇంత నేల మీద చెదిరి ఉన్నారు.

ఆ నేల ఎలాంటిదో పేజీ చెప్పదు కాబట్టి ఇక్కడ చెప్పుకోవాలి. కౌంటీలో చాలా భాగం శాండ్‌హిల్స్. ఒకప్పుడు గాలికి కదిలిన ఇసుక దిబ్బలు గడ్డి వేళ్ళు పట్టుకోవడంతో నిలిచిపోయాయి. కింద ఓగలాలా భూగర్భ జలాలు ఉన్నాయి. దిబ్బల మధ్య పల్లం ఆ నీటిమట్టానికి తగిలిన చోటల్లా చెరువు కనిపిస్తుంది. కౌంటీలో ఇంచుమించు 50 చదరపు మైళ్ళు నీరే. గడ్డి చెక్కేస్తే ఇసుక మళ్ళీ లేచిపోతుంది కాబట్టి ఇక్కడ నాగలి కన్నా పశువులదే పెత్తనం. మాంసం కోసం పెంచే ఆవుల లెక్కలో దేశంలోనే మొదటి వరుసలో నిలిచే కౌంటీ ఇది.

పేజీ వాడటం తేలికే. వెతుకు పెట్టెలో కౌంటీ పేరుతో పాటు రాష్ట్రం పేరు కూడా టైపు చేసి, కింద వచ్చే సూచనల్లోంచి ఎంచుకోవాలి. రాష్ట్రం పేరు వదిలేస్తే తప్పు చోటికి వెళ్ళే ప్రమాదం ఉంది. వాషింగ్టన్ పేరుతోనే దేశంలో ముప్ఫై కౌంటీలున్నాయి, నెబ్రాస్కాలోనూ ఒకటుంది. ఒకేసారి ఆరు చోట్లను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. చెర్రీ పక్కన నెబ్రాస్కా రాష్ట్రాన్నీ, మొత్తం దేశాన్నీ పెట్టుకుంటే అంకెలకు ఒక అర్థం వస్తుంది. పట్టికను ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు కూడా.

అయితే వాలెంటైన్ అని వెతికి చూడండి, ఆ ఊరికి పేజీ ఉండదు. క్విక్‌ఫ్యాక్ట్స్‌లో రాష్ట్రాలూ కౌంటీలూ అన్నీ ఉంటాయి గానీ, ఊళ్ళ విషయానికి వస్తే 5,000 మంది, ఆపైన ఉన్నవే. అంటే చెర్రీలో ఒక్క ఊరు కూడా దొరకదు. మీరు ఉండబోయే ఊరి గురించి తెలియాలంటే అదే బ్యూరో నడిపే డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్‌కి వెళ్ళక తప్పదు. అక్కడ ఊరి పేరుతో పాటు పట్టిక కోడ్ ఇస్తే పని త్వరగా అవుతుంది. 2020 జనాభాకు పీ1, వయసులకు డీపీ05, ఉద్యోగాలూ ఆదాయానికి డీపీ03, ఇళ్ళకూ అద్దెలకూ డీపీ04, కుటుంబ ఆదాయం ఒక్కటే కావాలంటే బీ19013. ఈ ఐదు కోడ్‌లు రాసి పెట్టుకుంటే చాలు. జిప్ కోడ్‌తో వెతికితే పని అయిపోతుందనుకోవద్దు. జిప్ కోడ్ తపాలా వాళ్ళ బట్వాడా కోసం పుట్టింది, కౌంటీ గీతలతో దానికి సంబంధం లేదు. క్విక్‌ఫ్యాక్ట్స్ పెట్టెలో జిప్ ఇచ్చినా వచ్చేది ఆ జిప్ ఉన్న కౌంటీ లెక్కే గాని ఆ జిప్ లెక్క కాదు.

ఇప్పుడు పేజీ అట్టడుగుకు వెళ్దాం. భూగోళం అన్న శీర్షిక కింద ఐదే వరుసలు. చదరపు మైలుకు జనం 2020లో, 2010లో; నేల విస్తీర్ణం 2020లో, 2010లో; చివర ఫిప్స్ కోడ్. చెర్రీకి జనసాంద్రత 2010లో 1.0, 2020లో 0.9. ఈ రెండు అంకెలు చూసి పదేళ్ళలో పది శాతం జనం పోయారని రాసేవాళ్ళున్నారు. అది తప్పు. 2010లో 5,713 మంది, 2020లో 5,455 మంది. తగ్గింది 258, అంటే నాలుగున్నర శాతం. 5,960 చదరపు మైళ్ళ నేలతో భాగిస్తే 2010లో 0.96, 2020లో 0.92 వస్తుంది. దశాంశం తర్వాత ఒక్క అంకెకే కుదించడంతో 0.04 తేడా కాస్తా 0.1 అయి కూర్చుంది. నగర కౌంటీలో ఈ కుదింపు కనిపించనే కనిపించదు. ఇక్కడ మాత్రం తేడాని రెండింతలు చేసి చూపిస్తోంది. జనసాంద్రత వరుసను పల్లె కౌంటీకి పూర్తిగా పక్కన పెట్టి, జనాభానూ విస్తీర్ణాన్నీ తీసుకుని మీరే భాగించుకోండి.

ఇంకో సంగతి: ఆ విస్తీర్ణం నేలది మాత్రమే, నీటిది కలవదు. ఎన్‌సైక్లోపీడియాల్లో కనిపించే 6,000 పైచిలుకు అంకెకూ ఇక్కడి 5,960కీ తేడా అదే. రెండూ సరైనవే, ఏది రాస్తున్నారో చెప్పి రాయాలి.

ఫిప్స్ కోడ్ చెర్రీకి 31031. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తర్వాతి మూడు కౌంటీవి. ప్రభుత్వ పట్టికలన్నిటినీ జోడించే తాళంచెవి ఇదే. కానీ ఎక్సెల్‌లో తెరిస్తే ముందున్న సున్నాను మింగేస్తుంది. నెబ్రాస్కాకు ఇబ్బంది లేదు గానీ, అలబామాలోని ఆటాగా కౌంటీ కోడ్ 01001 కాస్తా 1001 అయిపోతుంది, తర్వాత ఏ పట్టికతోనూ కలవదు. ఫైలు తెరిచేటప్పుడే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. కోడ్‌లు శాశ్వతం అనుకోవద్దు. చెర్రీకి వాయవ్యంగా సౌత్ డకోటాలో ఉన్న షానన్ కౌంటీ 2015లో ఓగలాలా లకోటా కౌంటీగా పేరు మార్చుకుంది, కోడ్ 46113 నుంచి 46102 అయింది. పాత ఫైలునీ కొత్త ఫైలునీ కలిపితే ఆ కౌంటీ రెండు చోట్లా సగం సగం ఖాళీగా కనిపిస్తుంది.

పేజీ పైభాగానికి వస్తే జనాభా కింద రెండు రకాల అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 2020 ఏప్రిల్ 1 నాటి జనగణన. రెండోది ఏటా జూలై 1 నాటికి వేసే అంచనా, దాని పక్కన వీ అక్షరంతో సంవత్సరం ఉంటుంది. జననాలు కలిపి, మరణాలు తీసేసి, వలసలు సర్ది ఆ అంచనా కడతారు. కొత్త అంచనా వచ్చినప్పుడల్లా 2020 నుంచి వెనక సంవత్సరాలన్నిటినీ మళ్ళీ సవరిస్తారు. అందుకని నిరుడు రాసిపెట్టుకున్న అంకెను ఈ ఏటి అంకెలోంచి తీసివేసి ఇంతమంది పెరిగారనడం పొరపాటు. ఒకే విడతలోని, అంటే వీ పక్కన ఒకే సంవత్సరం ఉన్న అంచనాలోని, రెండు సంవత్సరాలనే పోల్చాలి. వేర్వేరు విడతలను పోల్చకూడదని పేజీలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

జనగణన అంకె మాత్రం రాయి మీద గీత అనుకుంటారు చాలామంది. 2020 నుంచి వ్యక్తుల వివరాలు బయటపడకుండా బ్యూరో లెక్కల్లో కావాలనే కొద్దిపాటి మార్పు కలుపుతోంది. రాష్ట్రాల మొత్తం జనాభాను మాత్రం ముట్టుకోలేదు. కౌంటీ స్థాయిలో ఆ మార్పు చాలా స్వల్పం, 5,455 మందిలో లెక్కలోకి రాదు. టెక్సస్‌లోని లవింగ్ కౌంటీకి 2020లో వచ్చిన జనాభా 64. అక్కడ ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా తేడానే. ఇంకా కిందికి, జనగణనలో అన్నిటికన్నా చిన్న ముక్క అయిన ఒక్కొక్క బ్లాకు స్థాయికి వెళ్తే మనుషులుంటారు గానీ కాపురమున్న ఇల్లు ఒక్కటీ ఉండదు, అలాంటి వింతలు కనిపిస్తాయి. బ్లాకు అంకెలను విడిగా నమ్మవద్దు.

అసలు జాగ్రత్త కావాల్సింది ఆదాయం, అద్దె, చదువు, ప్రయాణ సమయం లాంటి వరుసల దగ్గర. ఇవి జనగణన లెక్కలు కావు. అమెరికన్ కమ్యూనిటీ సర్వే అనే శాంపిల్ సర్వే నుంచి వస్తాయి. ఏటా దేశం మొత్తం మీద 35 లక్షల చిరునామాలకు ప్రశ్నలు పంపుతారు. 65,000 మంది, ఆపైన ఉన్న చోట్లకే పూర్తి స్థాయి ఒక్క ఏడాది ఫలితాలు ఇస్తారు. చెర్రీ లాంటి వాటికి ఐదేళ్ళ జవాబులు కుప్పపోసి ఒకే అంకె చెబుతారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. నిజమే, కానీ గంజి, అన్నం, పప్పు వేర్వేరు గిన్నెల్లో చారెడు చారెడు ఉన్నప్పుడు ఒక్కో గిన్నెకూ విడిగా మెతుకు పట్టాలి. చిన్న కౌంటీలో వయసు వారీగా, ఇంటి రకం వారీగా విడగొట్టేసరికి ఒక్కో గడిలో మిగిలే జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

ఎంత అటూ ఇటూ కావచ్చో బ్యూరోకి తెలుసు, దాచిపెట్టదు కూడా. డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్ పట్టికల్లో ప్రతి అంకె పక్కనా మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ఉంటుంది. క్విక్‌ఫ్యాక్ట్స్ పట్టికలో మాత్రం అంకె ఒంటరిగా నిలబడుతుంది. ఈ పేజీ మీద మా పెద్ద ఫిర్యాదు ఇదే. పల్లె కౌంటీకి ఆ ప్లస్ ఆర్ మైనస్ లేని ఆదాయం అంకె సగం మాటే.

ఆ మార్జిన్‌ను వాడటం కష్టం కాదు. ఉదాహరణకు కుటుంబ ఆదాయం 60,000 డాలర్లు, మార్జిన్ 9,000 అని ఉందనుకుందాం. 51,000 నుంచి 69,000 లోపు ఎక్కడో ఉందని 90 శాతం ధీమాతో చెప్పవచ్చు. మార్జిన్‌ను 1.645తో భాగిస్తే ప్రామాణిక దోషం (స్టాండర్డ్ ఎర్రర్) 5,471 వస్తుంది. దాన్ని 60,000తో భాగించి శాతం కడితే 9 శాతం. ఈ శాతం 12 లోపు ఉంటే అంకెను వాడుకోవచ్చనీ, 40 దాటితే వదిలేయాలనీ ఈ లెక్కలు చేసేవాళ్ళలో కొందరు పాటించే పద్ధతి. మధ్యలో ఉంటే వాడండి, మార్జిన్‌తో కలిపి చెప్పండి. మరో తప్పు ఏమిటంటే 2018–2022 అంకెనూ 2019–2023 అంకెనూ పోల్చి ఏడాదిలో మార్పు అనడం. రెండిట్లోనూ నాలుగేళ్ళ జవాబులు అవే.

అద్దె వరుస పల్లెలో ఇంకా ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. మధ్యస్థ అద్దె లెక్కలోకి వచ్చేది డబ్బు రూపంలో అద్దె కట్టే ఇళ్ళే. రాంచ్‌లో, అంటే పశువుల క్షేత్రంలో, పనిచేసేవాడికి యజమాని ఇల్లు ఊరికే ఇస్తే ఆ ఇల్లు ఈ లెక్కలో ఉండదు. అద్దెలో కరెంటు, గ్యాసు, నీటి ఖర్చు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఇంటి యజమాని అడిగే అంకెతో నేరుగా పోల్చకూడదు. ప్రయాణ సమయం వరుస కూడా అంతే. ఇంటి దగ్గరే పనిచేసేవారిని లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్ళ సగటు చెబుతారు. సొంత రాంచ్ మీద బతికే కుటుంబాలన్నీ అలా తప్పుకున్నాక మిగిలిన సగటు చూసి ఇక్కడ దూరాలు తక్కువనుకుంటే మోసపోతారు. వాలెంటైన్ నుంచి దక్షిణాన నార్త్ ప్లాట్ నగరం 83వ నంబరు జాతీయ రహదారి మీద 130 మైళ్ళ పైమాటే.

పేదరికం శాతం వరుస పక్కన హెచ్చరిక గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి చదవండి. కౌంటీకి ఆ అంకె ఒక గణిత నమూనా నుంచి వస్తుంది, ఊళ్ళకు నేరుగా సర్వే నుంచి వస్తుంది. కౌంటీ శాతాన్నీ ఊరి శాతాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. గళ్ళలో అంకె బదులు అక్షరాలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. డి అంటే ఎవరి వివరమో బయటపడుతుందని ఆపేశారు, ఎస్ అంటే ప్రచురించేంత నాణ్యత లేదు, ఎన్ అంటే శాంపిల్ మరీ చిన్నది, ఎఫ్ అంటే పాతిక సంస్థల లోపే, జెడ్ అంటే సున్నా కన్నా ఎక్కువ గానీ చూపేంత లేదు. డి ఉన్న గడిని సున్నాగా వేసుకుని కూడినవాళ్ళ లెక్కలు చాలా చోట్ల తిరుగుతున్నాయి.

వ్యాపారాల విభాగం చదివితే చెర్రీ కౌంటీ దేని మీద బతుకుతుందో అర్థం కాదు. ఉద్యోగులున్న సంస్థల లెక్క కౌంటీ బిజినెస్ ప్యాటర్న్స్ అనే వార్షిక లెక్క నుంచి వస్తుంది. అందులో పంటలూ పశుపోషణా చేర్చరు, తపాలా, రైళ్ళు చేర్చరు, ప్రభుత్వ ఉద్యోగుల్లో ఎక్కువమందిని చేర్చరు. చెర్రీలో ఉన్న ప్రధాన వృత్తే పట్టికలోంచి జారిపోయింది. నెయ్యి లేని నేతి బీరకాయ ఈ వరుస. రాంచ్‌ల లెక్క కావాలంటే వ్యవసాయ శాఖ ఐదేళ్ళకోసారి తీసే వ్యవసాయ గణన చూడాలి. 2022 గణన ఫలితాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి. కౌంటీకి రెండేసి పేజీల ప్రొఫైల్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఏడాదికి 1,000 డాలర్ల సరుకు అమ్మినా, అమ్మగలిగినా అది క్షేత్రమే. అంటే నాలుగు ఆవులవాడూ నాలుగు వేల ఆవులవాడూ లెక్కలో ఒక్కొక్కరే. సగటు విస్తీర్ణం చూసి నిర్ణయానికి రావద్దు, పరిమాణాల వారీగా ఉన్న చిన్న పట్టిక చూడండి.

పల్లె, పట్టణం అన్న ముద్ర విషయంలోనూ ఒక మెలిక ఉంది. 2010 దాకా 2,500 మంది దాటితే పట్టణం అనేవారు. ఆ ఏడు వాలెంటైన్ జనాభా 2,737, హద్దుకు పైనే. 2020 గణనకు హద్దును 5,000 మందికి, లేదా 2,000 ఇళ్ళకు పెంచారు. ఊళ్ళో వీధులూ దుకాణాలూ ఎక్కడివక్కడే ఉన్నా ఊరు కొత్త హద్దుకు కింద పడిపోయింది. పల్లె జనాభా శాతం పెరిగిందని ఎవరైనా చూపిస్తే ఈ హద్దు మార్పు సంగతి ముందు అడగండి. డాక్టర్లకైతే ఈ ముద్ర కన్నా ఆ చోటు వైద్యుల కొరత ప్రాంతంగా గుర్తింపు పొందిందా లేదా అన్నదే ముఖ్యం. దానికి అమెరికా ఆరోగ్య శాఖలోని హెచ్‌ఆర్‌ఎస్‌ఏ అనే సంస్థ వారి వెతుకు పేజీ వేరే ఉంది, క్విక్‌ఫ్యాక్ట్స్‌లో ఆ సంగతే ఉండదు.

నేల, నీరు, అక్షాంశ రేఖాంశాలు కావాలంటే ఇదే బ్యూరో విడుదల చేసే గెజెటీర్ ఫైలు దించుకోండి. సాదా టెక్స్ట్ ఫైలు, దేశంలోని కౌంటీలన్నీ అందులోనే. నేలా నీరూ చదరపు మీటర్లలోనూ చదరపు మైళ్ళలోనూ విడివిడిగా ఇస్తారు. మీటర్ల నుంచి మార్చుకోవాలంటే 25,89,988తో భాగించాలి. పాత సంవత్సరాల ఫైళ్ళలో చివరి నిలువు వరుస పేరు వెనక బోలెడు ఖాళీలు అంటుకుని ఉంటాయి, అవి కత్తిరించకపోతే ప్రోగ్రాం ఆ వరుస లేదంటుంది. అందులో ఇచ్చిన అక్షాంశం కౌంటీ లోపలి ఒక బిందువుది, కౌంటీ కేంద్రమైన ఊరిది కాదు. చెర్రీకి ఆ బిందువు 42.5 ఉత్తరం, 101.1 పశ్చిమం దగ్గర. మ్యాప్‌లో పెడితే వాలెంటైన్‌కు 35 మైళ్ళ అవతల పడుతుంది. రోడ్లూ దిబ్బలూ చెరువులూ చూడాలంటే భూగర్భ సర్వే సంస్థ వారి 1:24,000 టోపో మ్యాప్‌లు ఉచితమే. ఒక్కో షీటు ఈ అక్షాంశంలో 55 చదరపు మైళ్ళు చూపుతుంది కాబట్టి చెర్రీ మొత్తానికి నూరుకు పైనే షీట్లు పడతాయి. మీ ఊరి చుట్టూ ఉన్న నాలుగైదు దించుకుంటే సరిపోతుంది.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాం. కౌంటీ పేరు వినగానే తెరవడానికి దీన్ని మించింది లేదు, ఒక మార్కు తగ్గించింది మార్జిన్ చూపించనందుకు.

పేజీలో ఎక్కడా లేనిది, అక్కడికి వెళ్ళినవారికి మొదటి వారంలోనే తగిలేది ఒకటుంది. చెర్రీ కౌంటీ రెండు టైమ్ జోన్లలో ఉంది. తూర్పు వైపు వాలెంటైన్‌లో సెంట్రల్ టైమ్, పడమటి చివర మెరిమన్‌లో మౌంటెన్ టైమ్. రెంటినీ కలిపేది 20వ నంబరు జాతీయ రహదారి, దూరం 60 మైళ్ళ వరకు. మెరిమన్‌లో ఉన్న పేషెంటుకు వాలెంటైన్ ఆసుపత్రిలో పది గంటలకు అపాయింట్‌మెంట్ ఇస్తే, తన గడియారంలో ఎనిమిదికల్లా బండి ఎక్కాలి. అపాయింట్‌మెంట్ చీటీ మీద ఏ ఊరి టైమో రాయండి.